ఫెన్విక్‌నే పెడతాను

"రాగిణి గారూ, ఆ ముసలాయన్ని బెంచ్ చేసేయండి. కుర్రాణ్ణి స్టార్ట్ చేయండి. లాస్ట్ వస్తే వడ్డన మీదే, తర్వాత నన్ననకండి."

హరనాథ్ పంపిన వాయిస్ మెసేజ్ విని రాగిణికి ఒళ్లు మండింది.

అమెరికాలోని అరోరా ఊళ్లో పన్నెండు మంది తెలుగువాళ్లు కలిసి ఆడే ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌కి హరనాథ్ పెద్ద. ఎవరికి వాళ్లు ఫోన్‌లో ఓ జట్టు కట్టుకుంటారు. ఆదివారం అసలు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఆ ఆటగాళ్లు ఎన్ని బంతులు పట్టి ఎంత దూరం పరుగెత్తితే వీళ్లకి అన్ని పాయింట్లు.

సీజన్ చివర్లో అందరికంటే వెనకబడ్డవాళ్లకి మరుసటి ఏడు లీగులో సీటుండదు. కొత్త జట్లు ఎంచుకునే రోజున మిగతావాళ్లకి బిర్యానీ వడ్డించాలి. అదీ ఆచారం.

మగవాళ్లకి అదో సరదా. రాగిణికి కాదు. ఓడినవాడు వడ్డించేది పేరుకే; ఆరేళ్లపాటు ఆ రోజున ప్లేట్లు అందించింది ఆమే, మిగతా ఆడవాళ్లతో కలిసి. ఏడో ఏడు గరిటె బల్లమీద పెట్టేసి, "నాకూ ఒక సీటు కావాలి" అంది. హరనాథ్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. మొత్తానికి సీటు సాధించింది.

ఇప్పుడు సీజన్లో ఆఖరి ఆదివారం. రాగిణిది పదకొండో స్థానం. వెనకాలే, ఆఖరి స్థానంలో ఉన్న అనూప్ తరుముకొస్తున్నాడు.

జట్టులో ఒక్క చోటు నింపాలి. బంతి అందుకునే రిసీవర్ చోటు. చేతిలో ఉన్నది ఇద్దరు, ఇద్దరూ ఒకే టీమ్‌వాళ్లు, అదీ పక్క నగరం టీమే. పదకొండేళ్లుగా ఆడుతున్న డారియస్ ఫెన్విక్, ఈ ఏడే వచ్చిన ట్రే హాలోవే.

లోకమంతా హాలోవే అంటోంది. రాగిణి ససేమిరా అంటోంది.

రెండు నెలల కిందట ఆఫీసులో, పద్నాలుగేళ్లు మోసిన ప్రాజెక్టుని ఆమె చేతుల్లోంచి తీసేసి నిన్నగాక మొన్న చేరిన అమ్మాయికి ఇచ్చారు. ఫ్రెష్ ఎనర్జీ కావాలట.

శనివారం మధ్యాహ్నం కూతురు అనిక స్విమ్మింగ్ క్లాసులో ఉంటే, రాగిణి పూల్ పక్క బెంచీ మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది. బెంచీకి అటు చివర ఇంకో పిల్ల తండ్రి, అమెరికన్. అంతకుముందు రెండు మూడుసార్లు చూసిందేగానీ పేరు తెలియదు.

అంత కోపం ఎవరిమీద అని అడిగాడాయన.

అడగడమే ఆలస్యం, రాగిణి మొదలుపెట్టింది. లీగు, సీటు, వడ్డన, హరనాథ్ వెటకారం, ఒక్కటీ వదల్లేదు. పాపం తెలియదేమోనని రిసీవర్ అంటే ఏమిటో కూడా విడమరిచి చెప్పింది. ఆయన బుద్ధిగా విన్నాడు.

ఇద్దరి పేర్లూ విన్నాక కాసేపు నీళ్లవైపు చూశాడు.

"కుర్రాణ్ణే పెట్టండి. ముసలాయన మోకాలి పని అయిపోయింది. రేపు బంతులన్నీ కుర్రాడికే వెళ్తాయి," అన్నాడు.

రాగిణికి చిర్రెత్తుకొచ్చింది. ఈయనా హరనాథ్ పార్టీయే. ఫెన్విక్ గురించి మీకేం తెలుసని నిలదీసింది. పదకొండు సీజన్లు, ఏడు వందల ముప్ఫై ఒక్క క్యాచ్‌లు, మోకాలికి రెండు ఆపరేషన్లు, రెండుసార్లూ తిరిగి రావడం, అన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

"అలాంటి మనిషిని, ఎవరో కొత్తవాడు రాగానే పక్కన పెట్టేయడమేనా? నేను పెట్టను," అంది.

"అతనికోసం మీ సీటు పోగొట్టుకోకండి. అతనేమీ అనుకోడు," అన్నాడు మెల్లగా.

ఉచిత సలహాలకి ఈ దేశంలోనూ కొదవలేదనుకుంది రాగిణి. ఆయన చూస్తుండగానే ఫెన్విక్ పేరు నొక్కేసింది.

ఆదివారం మ్యాచ్‌లో ఫెన్విక్‌వైపు ఒక్క బంతీ రాలేదు. హాలోవే రెండుసార్లు బంతిని చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. రెండుసార్లూ ఆ కుర్రాడికి అడ్డొచ్చినవాణ్ణి భుజంతో ఆపింది ఫెన్విక్కే. హెల్మెట్లో మొహం కనబడలేదు గానీ, కిందపడి లేవడానికి పడుతున్న అవస్థ కనబడుతూనే ఉంది. ఆ పనికి వీళ్ల లీగులో పాయింట్లు లేవు.

అనూప్ నాలుగు పాయింట్లతో దాటేశాడు. రాగిణి చివర మిగిలింది.

చెప్తే విన్నారా, ఇక రైతా కూడా మీరే కలపాలి అని హరనాథ్ గ్రూపులో పెట్టాడు. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

రాగిణి కళ్లు తుడుచుకుంది. వాయిస్ మెసేజే పెట్టింది.

"వడ్డిస్తాను హరనాథ్ గారూ. ఆపై ఏడు వచ్చి నా సీట్లో నేను కూర్చుంటాను. మళ్లీ ఇలాంటి డెసిషనే వస్తే మళ్లీ ఫెన్విక్‌నే పెడతాను. రాసిపెట్టుకోండి."

టీవీలో మైకు హాలోవే ముందు పెట్టారు. ఆ కుర్రాడు తన టచ్‌డౌన్ల సంగతే ఎత్తలేదు. ఆగస్టు నుంచి రోజూ పొద్దున్నే తనను తయారుచేసింది ఫెన్విక్కేనన్నాడు. మోకాలు ఇక సహకరించక ఆయన ఇవాళ్టితో ఆట మానేస్తున్నాడని, కోచ్‌తో మాట్లాడి బంతులన్నీ తనకే వేయించింది కూడా ఆయనేనని చెబుతూ ఏడ్చేశాడు. పక్కనున్న ఫెన్విక్‌ని చెయ్యి పట్టుకుని ముందుకు లాగాడు.

ఫెన్విక్ అంకెలన్నీ రాగిణికి కంఠతా వచ్చు. మొహం మాత్రం, యాప్‌లో ఉన్న పదేళ్లనాటి చిన్న ఫోటోలో తప్ప, ఏనాడూ సరిగా చూడలేదు.

ఆయన హెల్మెట్ తీశాడు.

నిన్న బెంచీకి అటు చివర కూర్చుని, తనను పక్కన పెట్టేయమని ఆమెకి నచ్చజెప్పిన మనిషి ఆయనే.