కొన్నాళ్ళ మేట్రనమ్మ

ప్రార్థన గంట కొట్టి చాలాసేపయినా చిన్నపిల్లలు ఇంకా బావి దగ్గరే ఉన్నారు.

అరుణాదేవి విసవిసా వెళ్ళి చూసింది. కొత్త మేట్రన్ శాంతవ్వ గచ్చు మీద కూర్చుని ఒక పిల్లకు పేలు చూస్తోంది. మిగతావాళ్ళు చుట్టూ చేరి కిలకిలమంటున్నారు.

"మేట్రనమ్మా, గంట కొట్టిన."

"ఇన్న బిడ్డా. జర ఈ నెత్తి అయిపోనియ్యి. దేవుడు యాడికి పోతడు?"

పిల్లలు మళ్ళీ నవ్వారు. అరుణాదేవికి ఒళ్ళు మండింది.

వికారాబాద్‌లోని ఆ క్రైస్తవ బాలికల బోర్డింగులో ఆమె మెట్రిక్ చదువుతోంది. గంట కొట్టేదీ, గేటు తాళంచెవి దగ్గర పెట్టుకునేదీ ఆమే. పాత మేట్రన్ కూతురి కాన్పుకని జహీరాబాద్ వెళ్తే, తిరిగి వచ్చేదాకా ఉండమని పెద్ద టీచరమ్మ మనోరమ ఈ ముసలామెను ఎక్కడినుంచో పిలిపించింది.

అప్పటినుంచీ డార్మిటరీ సంతలా తయారయింది. ఆలస్యంగా వచ్చినా శాంతవ్వ అన్నం పెడుతుంది. పడుకునే వేళ గుసగుసలాడితే గోడకు నిలబెట్టదు సరికదా, తానూ ఓ మాట కలుపుతుంది.

అరుణాదేవికి రూళ్ళంటే ప్రాణం. నవాబుపేటలో వాళ్ళింట్లో పొయ్యి ఎప్పుడు వెలిగేదో, తాగొచ్చిన తండ్రి ఎవరిని ఎప్పుడు బయటికి నెట్టేవాడో తెలిసేది కాదు. ఇక్కడ గంట కొడితే అన్నం, గంట కొడితే నిద్ర. ఆ గంట తప్పితే ఆమెకు కాలు నిలిచేది కాదు.

ఆ గురువారం మధ్యాహ్నం గేటు దగ్గరికి ఒకతను రొప్పుకుంటూ వచ్చాడు. ఒంటినిండా నాపరాతి దుమ్ము.

"నా పేరు నర్సప్ప, బిడ్డా. తాండూరు నుంచి వస్తున్న. మీ దగ్గర చదివే చంద్రవ్వకు మేనమామను. దాని తల్లికి పానం మీదికొచ్చింది. పిల్లను పిలుస్తుంది. జర తోలియ్యవా?"

"ఇయ్యాల ములాఖత్ దినం కాదు. క్రిస్మస్ సెలవుల దాకా ఎవ్వర్నీ ఇంటికి పంపరు."

"అందాక అది ఉండదమ్మా."

"పెద్ద టీచరమ్మ హైదరాబాద్ పోయిండ్రు. పొద్దుమీకి వస్తరు. అడుగుండ్రి."

"అప్పటికి తాండూరు బండి పోతది గదా!"

వంటింట్లోంచి శాంతవ్వ ఆ మాట విన్నట్టుంది. ఒక్క ప్రశ్న అడగకుండా క్లాసులోకి వెళ్ళి చంద్రవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పిల్ల వేళ్ళకు సిరా ఇంకా ఆరలేదు.

"గేటు తియ్యి బిడ్డా."

"టీచరమ్మ చెప్పకుంటే తియ్యనమ్మా. రూలు."

"రూలు నాకెరికే. తియ్యి."

"ఈమెను పంపితే రేపు అందరూ మా అమ్మకు బాగలేదంటరు."

"అననియ్యి. అందర్నీ పంపుత!"

అరుణాదేవి కదల్లేదు. శాంతవ్వ తాళంచెవి లాక్కుంది. తాళం తీసి గేటు రెక్కను గోడకు కొట్టుకునేలా తోసింది. కోపమనుకుంది అరుణాదేవి.

"ఉరుకు చంద్రవ్వా, ఎనక్కి సూడకు!"

సాయంత్రం మనోరమ టాంగా దిగీ దిగకముందే అరుణాదేవి జరిగిందంతా చెప్పేసింది. మనోరమ సంచీ కూడా లోపల పెట్టకుండా నేరుగా శాంతవ్వ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తెల్లవారేసరికి శాంతవ్వ మూట చంకన పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. చిన్నపిల్లలు ఆమె కొంగు పట్టుకుని వదలడం లేదు.

అరుణాదేవి తలెత్తకుండా గేటు తీసింది.

"నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. నువ్వు మంచిగ కావలి కాస్తున్నవ్."

అంతే అంది. స్టేషను దారిన వెళ్ళిపోయింది.

మళ్ళీ అన్నీ వేళకు జరిగాయి. గంట కొట్టగానే పిల్లలు వరసలో నిలబడుతున్నారు. ఒక్కరూ నవ్వడం లేదు. అరుణాదేవి కోరుకున్నది అదే. అయినా కుదురుగా కూర్చోలేకపోయింది. పుస్తకం తెరిచేది, మూసేది, ఊరికే గేటు దాకా వెళ్ళి వచ్చేది.

పై వారం చంద్రవ్వ తిరిగొచ్చింది.

"మా అమ్మ పోయింది అక్కా."

అరుణాదేవి ఆమె చేతిలోని మూట అందుకుంది.

"నేను పోయేసరికి కండ్లు తెరిచింది. నా చేతి నీళ్ళు తాగింది. నా మొకమంత తడిమి చూసుకుంది. తెల్లారి పొద్దుగాల పోయింది." పిల్ల చుట్టూ చూసింది. "శాంతవ్వ ఏది? ఆమెకు చెప్పాలె."

అరుణాదేవి అక్కడ నిలబడలేక పెద్ద టీచరమ్మ గదికి పరుగెత్తింది.

"టీచరమ్మా, శాంతవ్వను మళ్ళ పిలిపియ్యుండ్రి. నా మాట విని ఆమెను ఎల్లగొట్టిండ్రు."

"నేను ఎల్లగొట్టలేదు అరుణా. ఉండమని బతిమిలాడిన. ఇన్నేండ్లకు ఒక్క పిల్లనన్న పంపిన, ఇంక నాకీడ పనిలేదు అన్నది. ఏ ఊరికి పోతున్నదో కూడా చెప్పలేదు."

"ఇన్నేండ్లకా? ఆమె ఇంతకుముందు ఈడ ఉన్నదా?"

"చానా ఏండ్లు. పిల్లల్ని సెలవుల దాకా పంపొద్దన్న రూలు పెట్టిందే ఆమె."

"మరి ఆమెనే ఎందుకు తప్పింది?"

మనోరమ కిటికీలోంచి గేటు వైపు చూపించింది.

"నేనీడ చదివేటప్పుడు మా అమ్మ ఆఖరి గడియల నన్ను సూడాలని కబురు పంపితే, ఏడ్చుకుంట గేటు పట్టుకున్న నన్ను లోపలికి గుంజుకపోయిన మేట్రన్ ఈ శాంతవ్వనే."