డెల్ఫిన్‌కి చెప్పాల్సిన మాట

"ఉద్యోగం మారితే గ్రీన్ కార్డు పోతుందా, అక్కా?"

కుర్చీలో కూర్చోకముందే అడిగేసింది నెనిటా.

లాయరు పెర్లిటా కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఆమె వంక చూసింది. అమెరికాలోని ఈ బిలోక్సీ ఊరి చుట్టుపక్కల ఉన్న ఫిలిప్పీన్ వాళ్ళందరికీ పెర్లిటా అక్కే. కాగితాల గొడవ ఏదొచ్చినా ముందు ఆమె గుమ్మమే తొక్కుతారు. నెనిటా మాత్రం ఇదే రావడం.

"ముందు కూర్చో అమ్మాయ్. ఎవరి ఉద్యోగం?"

"మా ఆయనది. డెల్ఫిన్. ఓడల యార్డులో వెల్డరు."

"తను రాలేదేం?"

"రాలేడక్కా."

"ఓవర్‌టైమా? మన మగాళ్ళంతే. యార్డు పిలిస్తే పెళ్ళి మధ్యలోంచైనా లేచిపోతారు!"

పెర్లిటా పకపకా నవ్వింది. నెనిటా కూడా నవ్వబోయింది. పెదవులు మాట వినలేదు.

"సరే చెప్పు. ఆయన కోసం కంపెనీ పెట్టిన అర్జీ మంజూరైందా?"

"అయింది."

"కార్డు కోసం దరఖాస్తు ఎప్పుడు వేశారు?"

"పోయినేడు ఈస్టరుకి ముందు. తనదీ, నాదీ, పాపదీ కలిపి. కార్డులింకా రాలేదు."

"ఇన్నాళ్ళు ఆగి, ఇప్పుడెందుకు మానడం?"

నెనిటా చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"తనకి ఓడ అడుగున ట్యాంకుల్లో పని. మనిషి పట్టేంత కంతలోంచి లోపలికి దిగాలి. పొగ బయటికి లాగే ఫ్యాను సగం రోజులు తిరగదు. ఫోర్‌మన్‌ని అడిగితే, 'గాలి కావాలా? మీ దీవుల్లో బోలెడుంది, పోయి పీల్చుకో' అంటాడట. మానేస్తానంటే, 'మానెయ్. నీతోపాటు నీ పెళ్ళాం పిల్లా కూడా సామాను సర్దుకోవాలి' అన్నాడట."

"దొంగ సచ్చినోడు," అంది పెర్లిటా. "ఇంట్లో ఎలా ఉంటాడు?"

"దగ్గు. గిన్నెలు తోముకుంటుంటే పడగ్గదిలోంచి వినిపిస్తుంది. కుళాయి కట్టేసి వింటాను."

"డాక్టరుకి చూపించారా?"

నెనిటా సంచీ పట్టీని ఇంకో చుట్టు బిగించింది.

"తిండి?"

"ఇద్దరికీ వడ్డిస్తాను. తినడు."

"నిద్ర?"

"నాకే లేదక్కా."

పెర్లిటా లేచి కాఫీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. పక్కనే కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"విను. ఆయన కోసం పెట్టిన అర్జీ మంజూరైంది. కార్డు దరఖాస్తు వేసి ఆరు నెలలు దాటింది. ఇంక ఆ యార్డునే పట్టుకుని వేలాడక్కర్లేదు. వేరే చోట అదే తరహా పని దొరికితే చాలు. వెల్డరు మానేసి వంటవాడిగా చేరతానంటే కుదరదు, అంతే."

"మొబీల్ ఊళ్ళో ఇంకో యార్డు వాళ్ళు పిలిచారు. వెల్డింగే. ట్యాంకుల్లో కాదు, ఆరుబయట."

"ఇంకేం! కొత్త కంపెనీతో ఒక కాగితం రాయించి పంపడమే. నీదీ పాపదీ కూడా ఎక్కడికీ పోవు."

నెనిటా కాఫీ కప్పుని దగ్గరికి లాక్కుంది.

"క్రిస్మస్‌కి కూడా మారొచ్చా?"

"వచ్చే క్రిస్మస్ దాకా దేనికి? రేపే మారొచ్చు."

"పోయిన క్రిస్మస్‌కి."

"ఈస్టరుకి ముందు వేశారుగా. అప్పటికే ఆరు నెలలు దాటిపోయాయి. మారొచ్చు."

"తప్పకుండా?"

"తప్పకుండా. ఏం, అప్పుడే పిలిచారా వాళ్ళు?"

నెనిటా తలూపింది. కప్పుని పక్కకి జరిపేసింది.

"తను వెళ్తానన్నాడు. నేనే వద్దన్నాను. కార్డొచ్చేదాకా పళ్ళ బిగువున ఓర్చుకో, పాప మొహం చూడు అన్నాను. ఫోర్‌మన్ మాటకి భయపడింది తను కాదక్కా. నేను. ఆ పొద్దున గుమ్మంలో నిలబడి, 'ఇవాళొక్కరోజు మానెయ్యనా నెనిటా?' అని అడిగాడు. అన్నం డబ్బా చేతికిచ్చి పంపించాను."

పెర్లిటా ఆమె వీపు నిమిరింది.

"తెలీక అన్నావు. నీలాంటి వాళ్ళు నెలకి పదిమంది వస్తారు నా దగ్గరికి. జరిగిపోయినదాన్ని తవ్వుకోకు. ఇవాళే ఆయనకి చెప్పు. భయం లేదు, మానెయ్యొచ్చు అని నీ నోటితో చెప్పు. వినగానే సగం రోగం పోతుంది."

"చెప్తానక్కా. అందుకే తెలుసుకుందామని వచ్చాను."

బయటికొచ్చి కారెక్కింది. సముద్రం మీదినుంచి గాలి విసురుగా కొడుతోంది. యార్డు వైపు వెళ్ళే రోడ్డు వచ్చినా అటు తిరగలేదు. ఇంటి సందూ దాటిపోయింది. ఊరి చివర, చర్చి వెనకాల కారాపి దిగింది. కారుకి ఆనుకుని, చెప్పాల్సింది రెండుసార్లు పైకే అనుకుని చూసుకుంది. మాట స్పష్టంగా చెప్పాలి మరి.

ఆ తర్వాత మెల్లగా నడిచి వెళ్ళి, గడ్డి మీద మోకరిల్లి, డెల్ఫిన్ పేరు చెక్కిన రాతికి నోరు దగ్గరగా పెట్టి, "మానెయ్యొచ్చట" అంది.