చీరల వెనక రాణి

“బీరువాలో ఏం ఎతుకుతాండావు రూపా?”

వెనక నుంచి అత్త గొంతు వినపడగానే రూప చేతిలోని గాజుగొట్టాన్ని పట్టుచీర మడతలోకి తోసేసింది.

“ఏమీ లేదత్తా. జాకెట్టు కనపడలేదు.”

“దినానికి నాలుగు తూర్లు అదే జాకెట్టా?”

అంజమ్మ చీపురు పట్టుకుని గడపలోనే నిలబడింది. ఆమె చూపు చీరల అర మీద కాసేపు ఆగింది. తర్వాత వసారా ఊడవడానికి వెళ్లిపోయింది. రూప గొట్టం మీదికి మరో చీర లాగింది.

గొట్టంలో ఉన్నది ఒక రాణి చీమ. తొలివాన పడిన సాయంత్రం కుప్పంలో, పుట్టింటి మెట్ల మీద దొరికింది. రెక్కలు రాల్చుకుని, గూటికి చోటు వెతుక్కుంటూ తిరుగుతుంటే రూప పట్టి పుంగనూరుకు, అత్తింటికి తెచ్చింది. గొట్టం అడుగున నీళ్లు, వాటికి అడ్డంగా దూది, మూతికి మరో దూది. చీకట్లో, కదపకుండా ఉంచితే చాలు. అది మెతుకు ముట్టకుండా గుడ్లు పెట్టి, ఒంటిచేత్తో పిల్లల్ని పెంచుకుంటుంది. ఇప్పటికి ముప్పై మూడు రోజులైంది. గుడ్లు పురుగులయ్యాయి, పురుగులు గూళ్లు కట్టుకున్నాయి. రెండు మూడు రోజుల్లో తొలి చీమలు బయటికి రావాలి. వాటి కోసం ఇల్లు కూడా సిద్ధం. మిఠాయి డబ్బాలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, చెంచా కాడతో గదులూ దారులూ తొలిచి, పైన గాజుపలక అమర్చి కుట్టుమిషను కింద దాచింది.

ఇదంతా ఊసుపోక చేస్తున్న పని కాదు. పెళ్లితో రూప ఎమ్మెస్సీ మధ్యలో ఆగిపోయింది. మదనపల్లెలో ఆమెకు పాఠం చెప్పిన క్రిస్టినా మేడం చీమల మీద ప్రాజెక్టు చేస్తోంది. “ఒక్క రాణితో మొదలుపెట్టి, పిల్లలు లేచినాక సోమవారం తీసుకురా. ప్రాజెక్టులో ఉండే ఖాళీ ఒక్కటే. నీకే ఇస్తా” అంది. ఈ రాణి పోతే మళ్లీ రాణులు ఎగిరేది వచ్చే ఏడు తొలివానకే. అప్పటిదాకా ఆ ఖాళీ ఆగదు.

అత్తతో చెప్పేయొచ్చు కదా అనేవాళ్లకు అంజమ్మ సంగతి తెలియదు. వంటింట్లో చీమ కనబడితే ఆమె చేతిలో కిరసనాయిలు గుడ్డ లేస్తుంది. బెల్లం డబ్బాకు చీమ పట్టిందని ఒకసారి గోడ కన్నంలో మరిగే నీళ్లు పోసింది. అదే మనిషి శనివారం వస్తే, శనిదోషం పోవాలని పెరట్లో కరివేపాకు చెట్టు కింద చీమలకు చక్కెర వేస్తుంది. వంటింట్లో యముడు, పెరట్లో అన్నదాత. బీరువాలో చీమ ఉందని తెలిస్తే ఏ అవతారం ఎత్తుతుందో అడిగి తెలుసుకునే ధైర్యం రూపకు లేదు.

పలమనేరు డెయిరీలో పనిచేసే మొగుడు ప్రవీణ్‌కు ఫోన్ చేసింది.

“మీ అమ్మ కనిపెట్టేసినట్టుండాది బావా.”

“కనిపెట్టింటే ఇంటి కప్పు ఇంకా నిలిచుంటాదా? అంత భయమైతే తీసకపోయి పెరట్లో పెట్టు.”

“పెరట్లోనా? ఆడుండే చీమలు దీన్ని ముక్కలు ముక్కలు చేస్తాయి. వేరే పుట్ట రాణిని ఏ చీమలూ బతకనీవు.”

“అయితే రెండు దినాలు ఓర్చుకో” అని అతను ఫోన్ పెట్టేశాడు. ఓర్చుకోమని చెప్పడం పలమనేరులో ఉన్నవాళ్లకు తేలికే.

శుక్రవారం బొద్దింకల మందు కొట్టే మునిచంద్ర వచ్చాడు. రూప వంటింట్లోంచి పరుగున వచ్చేసరికి అంజమ్మ పడకగది తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది.

“ఈ గదిలో వద్దప్పా. ఈడ సంగతి నేను సూసుకుంటా.”

“ఏం సంగతత్తా?” అంది రూప.

“నీకు యాల? పొయ్యి టీ పెట్టు పో.”

రూప టీ పొయ్యి మీద పెట్టి, పడకగది తలుపు వైపే చూస్తూ నిలబడింది.

శనివారం ఉదయం అంజమ్మ సంచి తెచ్చి చేతిలో పెట్టింది. “అంగడికి పొయ్యి టెంకాయ తీసకరా.”

“నిన్ననే తెచ్చినాం కదత్తా?”

“అది కుళ్లింటాది. పో తల్లీ.”

గొట్టాన్ని వెంట తీసుకుపోదామా అనుకుంది. కుదుపులకు బెదిరితే రాణి తన పిల్లల్నే తినేస్తుంది. బీరువాకు తాళం వేసి పోదామంటే తాళంచెవి అత్త కొంగుకే ఉంటుంది. చేసేదేమీ లేక చెప్పులేసుకుంది. అంగట్లో చిల్లర కూడా తీసుకోకుండా పరుగు లాంటి నడకతో తిరిగొచ్చింది.

బీరువా తలుపు తెరిచి ఉంది. గొట్టం ఖాళీ. దూది నేల మీద పడి ఉంది.

అంజమ్మ వెనక వసారాలో చేతులు కడుక్కుంటోంది.

“అత్తా, బీరువాలో గొట్టం...”

“తెలుసులేమ్మా. నువ్వు కుప్పం నించి వచ్చిన మర్నాడే సూసినా.”

“మొదటి నించీ తెలుసా?”

“తెలవకుండానే నిన్న మందాయన్ని ఆపినానా? చీమంటే నేను అగ్గయిపోతానని దాచిపెట్టినావు. నేనేం రాక్షసినా?”

రూపకు సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇన్ని రోజులూ ఈ మనిషినా అనుమానించింది? అత్త చేయి పట్టుకుంది. మనసు తేలికపడింది. “తప్పయిపాయె అత్తా. మరి అది యాడుండాది?”

అంజమ్మ ఆమె తల నిమిరింది. “నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పలకరించే దిక్కు లేక ఏడాది ఏడ్సినా. అదీ నెల దినాలుగా ఒక్కతే ఆ గాజులో తిరుగుతా ఉంటే సూడలేకపోయినా. నీకు నేనుండాను. దానికెవరుండారు?”

తృప్తిగా నవ్వింది.

“పెరట్లో చీమల్లో కలిపేసి వచ్చినా.”