రెండు చేతుల మర్యాద

మా అమ్మ ఉండే వృద్ధాశ్రమంలో సాయంత్రం అందరికీ సోయాపాల ప్యాకెట్లు పంచుతారు. అమ్మ తాగదు. దిండు కింద దాచిపెట్టి, తనకు స్నానం చేయించే యంగ్రాన్‌కి ఇస్తుంది. అదీ ఎలాగంటే, రెండు చేతులా పట్టుకుని, తల వంచి, "ఏమీ అనుకోకుండా తీసుకోండమ్మా" అంటూ.

చున్‌చన్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే నాకు మాత్రం ఒంటిచేత్తో ఒళ్లోకి విసురుతుంది.

"తాగి చావు, మల్సూన్! ఆ మొహం చూడు, ఎండుచేపలాగా!"

పోయిన వారం ఇక ఓర్చుకోలేక యంగ్రాన్‌ని వరండాలోకి పిలిచాను.

"మా అమ్మకి ఏం మందు పెట్టావు? కన్నకూతురికి ఒంటి చెయ్యి, నీకు రెండు చేతులూనా?"

యంగ్రాన్ నవ్వింది. "అక్కా, రెండు చేతులు పరాయివాళ్లకి. సొంత పిల్లకి ఎవరైనా అలా ఇస్తారా? నన్ను ఒక్కసారైనా తిట్టిందా చెప్పు?"

పెద్ద చెప్పొచ్చింది! ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండింది. నాకూ ఒక్కసారి ఆ మర్యాద జరగాలని మొండిగా కోరుకున్నాను.

ఈ ఆదివారం చిలగడదుంపలు కాల్చి పట్టుకెళ్లాను. నన్ను చూడగానే అమ్మ మంచం మీద సర్దుకుని కూర్చుంది. దిండు కింద నుంచి ప్యాకెట్ తీసి, రెండు చేతులా పట్టుకుని, తల వంచింది.

"పాపం, ఎంత దూరం నుంచి వచ్చారో. ఏమీ అనుకోకుండా తీసుకోండమ్మా."

నేనూ రెండు చేతులా అందుకున్నాను. తిడుతుందేమోనన్న ఆశతో, మొహం ఎండుచేపలా పెట్టుకుని, చాలాసేపు ఎదురుగా నిలబడ్డాను.