ఆడి నెల, అడ్డ కడ్డీ

బాలకృష్ణన్ యాక్సిలరేటర్‌ను ఇంకోసారి బలంగా తొక్కాడు. జీపు ముందు కుడి చక్రం గోతి మీద గాల్లో గిర్రున తిరిగింది. వెనక ఎడమ చక్రం ఇసుక చిమ్మింది. బండి మాత్రం అంగుళం కదల్లేదు.

మురుంగపాక్కం దాటాక, కాలువ గట్టు మీద గంట నుంచి ఇదే వరస. నాలుగు చక్రాల గేరు వేశాడు. కొబ్బరి మట్టలు పరిచాడు. దిగి భుజం ఆనించి నెట్టాడు. గట్టు అవతల తోపులో మామగారి మిద్దె ఇల్లు కనిపిస్తూనే ఉంది. పెళ్లయి నలభై రోజులు. ఆడి నెలలో, ఆషాఢంలాగే, కొత్త జంట కలిసి ఉండకూడదని అలివేలును పుట్టింటికి తీసుకుపోయి పద్దెనిమిది రోజులు. మామ అశ్వత్థనారాయణ ఒంటిగంటకు టౌన్ నుంచి వచ్చేస్తాడు. ఆలోపల ఆమెను ఒక్కసారి చూసి రావాలి. ఇప్పటికే పన్నెండున్నర!

"ఏంది సారూ, బండికి కాలు పట్టేసిందా?" గడ్డిమోపుతో పోతున్న అంజలై నవ్వింది.

"పోమ్మా, నీ పని చూసుకో!"

ఇంతలో మెకానిక్ ఒకతను సైకిల్ దిగాడు. వెనక కట్టిన పెట్టె నిండా స్పానర్లు. జీపు కిందికి తొంగి చూశాడు.

"ఈ అడ్డ కడ్డీ విప్పాల సార్."

"ముట్టుకోవద్దన్నా! మలుపుల్లో బండి ఊగకుండా మా మామగారు దగ్గరుండి వేయించింది."

"తారు రోడ్డుకు మంచిదే. ఇది ముందు చక్రాలు రెండిటినీ జత కట్టేస్తాది. ఎడమది మిట్ట ఎక్కితే కుడిదాన్ని కూడా పైకి లాగతాది. గోతిలో దిగాల్సిన చక్రం దిగదు. నేల తాకని చక్రం బండినెట్లా లాగతాది?"

"విప్పితే తిరగబడదు కదా?"

"మెల్లంగా పోతే ఏం కాదు. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లా బిగించుకోండి."

"సరే, తొందరగా!"

ఒక బోల్టు వచ్చింది. రెండోది మొరాయించింది.

"ఇంకెంతసేపన్నా?"

"రైలు పట్టుకోవాల్నా ఏంది?"

"నీకెందుకు? కానియ్!"

సుత్తి దెబ్బకు బోల్టు ఊడింది. గాల్లో ఉన్న చక్రం దభీమని గోతిలోకి దిగి నేలను పట్టుకుంది. బాలకృష్ణన్ ఫస్టు గేరు వేశాడు. ఒక చక్రం ఎక్కుతుంటే ఒకటి దిగుతూ, జీపు గోతులన్నీ దాటి గట్టు చివరికి చేరింది. అతను పిల్లాడిలా కేక పెట్టాడు.

వెనకే వచ్చిన మెకానిక్ బోల్టులు అతని చేతిలో పెట్టాడు. "పోయిరాండి మాప్లే."

బాలకృష్ణన్ ఉలిక్కిపడ్డాడు. "నేను ఆ ఇంటి అల్లుణ్ణని నీకెట్లా తెలుసు?"

"కడ్డీ బిగించింది నేనే కదా. 'ఆడి పుట్టకముందే వెయ్యి భక్తవత్సలం, మాప్లే గట్టు దాటకూడదు' అన్నాడు మీ మామ."

బాలకృష్ణన్‌కు ఒళ్లు మండింది. "ఆడిలో అల్లుడు అత్త కంట పడకూడదని ఇంత పన్నాగమా! మరి విప్పమని నిన్ను పంపిందెవరు? అలివేలా?"

"ఆ పాపను గడప దాటనిస్తే కదా!" భక్తవత్సలం సైకిల్ ఎక్కాడు. "మీ అత్తే. మిద్దె మీద నుంచి గంటగా చూస్తా ఉంది. పులుసు మూడుసార్లు వేడి చేసిందంట, మళ్లా చల్లారకముందే బిన్నా పోండి."