రోజుకో చొక్కా

పొద్దున గొడుగాయన వచ్చి ఇస్త్రీ అవ్వ చేతులు పట్టుకుని ఫొటో దిగి వెళ్ళాడు. సాయంత్రం ఈలాయన వచ్చి అవే చేతులు పట్టుకున్నాడు. ఎన్నికలు దగ్గరపడితే ముసలి చేతులకున్న గిరాకీ పచ్చి కూరగాయలకు కూడా ఉండదు.

ఇద్దరూ ఆమెను "అమ్మా" అనే పిలిచారు. ఓట్లప్పుడు వీధిలో ఆడవాళ్ళంతా అమ్మలే.

గొడుగు ఒకాయన గుర్తు, ఈల ఇంకొకాయన గుర్తు. ఊరిని ఏలే కుర్చీ మాత్రం ఒక్కటే. గాలి ఎటు వీస్తోందో గాలికే తెలియడం లేదు.

అవ్వ ఇన్నేళ్ళలో ఒక్క ఓటూ మురగబెట్టలేదు. ఎవరికి వేయాలో ఎప్పుడూ ఒకరిని అడిగింది లేదు. ఈసారి మాత్రం ఏ గుర్తు మీద వేలు పెడదామనుకున్నా రెండో గుర్తు కళ్ళ ముందు నిలుస్తోంది. ఆలోచిస్తూ ఇస్త్రీపెట్టె ఆపేసరికి నిన్న ఎవరిదో దిండు గలేబు మాడి కూర్చుంది.

"ఇంకా తేల్చుకోలేదా అవ్వా?" అన్నాడు పక్క కొట్లోని దర్జీ. గొడుగాయన కొత్త చొక్కా భుజం మీద అతుకు కుడుతున్నాడు. కావాలని చెప్పి వేయించుకుంటున్న అతుకు. "నా ఓటైతే ఈయనకే. దెబ్బ తిన్నవాడికే కదా ఎదుటివాడి దెబ్బ తెలిసేది!"

"ఆయన దెబ్బలు వినీ వినీ నా పాలు విరిగిపోయాయి తమ్ముడూ," అంది పాలావిడ క్యాను దించుతూ. "ఏడిపించేవాడికి కుర్చీ ఇస్తే ఐదేళ్ళూ ఏడవాలి."

"అయితే నవ్వించేవాడికి ఇస్తావా అక్కా? నవ్వితే కుళాయిలో నీళ్ళొస్తాయా?"

అవ్వ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుకుంటూ కూర్చుంది.

గొడుగాయన సభలో అవ్వను ముందు వరసలో కూర్చోబెట్టారు. మైకు పట్టుకోగానే ఆయన గొంతు జీరపోయింది.

"వానొస్తే మా ఇంటి కప్పు జల్లెడ. రాత్రంతా గిన్నెలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. చలికి నిండా దుప్పటి దక్కి ఎరగను. ఒంటిమీద నాదని చెప్పుకోవడానికి ఒక్క చొక్కా లేదు. పరీక్ష తప్పాను. పోయినసారి ఎన్నికల్లోనూ ఓడాను. పడటమంటే ఏంటో నన్నడగండి!"

జనం ముక్కులు చీదారు. దర్జీ మెడలోని టేపుతోనే కళ్ళు తుడుచుకున్నాడు. అవ్వ కళ్ళూ చెమర్చాయి. ఒక్క ముక్కా అబద్ధం కాదు అనుకుంది.

మర్నాడు ఈలాయన సభ. అక్కడా అవ్వకు ముందు వరసే.

"కష్టాలు చెప్పమంటారు. నేనెక్కడి నుంచి తెచ్చేది?" అన్నాడాయన. "వాన పడితే చాలు, మా ఇంట్లో తెల్లవార్లూ సంగీతం. చలి నా పక్కలోకి వచ్చి ఎరగదు. రోజుకో చొక్కా వేసుకుని బడికెళ్ళాను, నిన్నటిది ఇవాళ తొడగలేదు. మా పంతులుగారికి నేనంటే ఎంత ప్రేమో! వదల్లేక ఒకే తరగతిలో రెండేళ్ళు ఉంచుకున్నారు."

జనం పొట్టలు పట్టుకున్నారు. రిటైరైన పోస్టుమాస్టారు మాత్రం ఎందుకో తన చొక్కా కాలరు తడుముకున్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూశావా, అంతా వేళాకోళమే!" అని గొణిగాడు దర్జీ. "కష్టానికి ఒక విలువుండొద్దూ?"

ఇక లాభం లేదని అవ్వ తానే ఒక పరీక్ష పెట్టింది. అతుకు చొక్కా ఇస్త్రీ అయిందేమోనని గొడుగాయన వస్తే, "వీధి కుళాయి ఎండిపోయింది. దాని సంగతేంటి?" అని అడిగింది.

ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నీళ్ళ బాధ నాకు తెలియనిదా అమ్మా! బిందెలు మోసీ మోసీ ఈ భుజం ఎలా కాయగాసిందో చూడు."

భుజం కథ ముగిసేసరికి టీ చల్లారింది. చొక్కా తీసుకుని కారెక్కాడు. కుళాయి వైపు తల కూడా తిప్పలేదు.

ఆ తర్వాత ఈలాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా అక్కడే తొడుక్కున్నాడు. అదే ప్రశ్న విన్నాడు.

"ఎండిందా? పద చూద్దాం."

మోకాళ్ళ మీద కూలబడి గొట్టానికి చెవి ఆనించాడు. ఇటుకరాయితో రెండు దెబ్బలు వేసి మళ్ళీ విన్నాడు. "మలుపు దగ్గర ఏదో అడ్డం పడిందమ్మా. రేపు తవ్విద్దాం," అంటూ లేచేసరికి చొక్కా నిండా బురద.

"చేసిన పని మళ్ళీ మొదటికి తెచ్చావు కదరా దున్నపోతా!" అని అవ్వ తిట్టిపోసింది. కానీ ఆ రోజు ఇంకే గుడ్డా మాడలేదు.

ఓటు వేసి, వేలికి సిరాతో అవ్వ బయటికొచ్చింది. పెదవులు సున్నా చుట్టి సన్నగా ఏదో ఊదుతోంది.

"అవ్వా, ఇక్కడ ఈల వేయకూడదు. ప్రచారం కిందికొస్తుంది," అన్నాడు పోలీసు.

"పళ్ళు లేని నోరు నాయనా, గాలి దానంతటదే పోతోంది."

అప్పుడే ఎక్కడినుంచో వచ్చి దిగిన టీవీ అమ్మాయి పరుగున వచ్చి మైకు పెట్టింది. "అవ్వగారూ, ఒకాయనేమో కష్టాల్లో పెరిగారట, ఇంకొకాయనేమో సుఖాల్లో పెరిగారట. ఇద్దరి సంగతీ బాగా తెలుసుకునే వేశారా ఓటు?"

"తెలియకేం తల్లీ," అంది అవ్వ బోసినోటితో నవ్వుతూ, "ఇస్త్రీకొచ్చిన ఊళ్ళోవాళ్ళ చొక్కాలు రోజుకొకటి తొడిగి ఆ ఇద్దరినీ బడికి పంపిన కన్నతల్లిని నేనే కదా!"