కార్బనుకే మొదటి పీట

అరలో ఒక సీసా జాగా ఖాళీగా ఉంది.

ల్యాబులో రసాయనాల స్టోరు చూసుకునే ఆమె అరలన్నీ మళ్లీ వెతికింది.

పోయింది అలాంటిలాంటి సీసా కాదు, పొటాషియం సైనైడు. చిటికెడు చాలు, మనిషి మళ్లీ లేవడు.

మంచినీళ్ల కోసం పక్కగదికి వెళ్లి వచ్చేసరికి లోపల కనిపించింది ఒక్కడే. ఎవరో ముసలాయన. మాసిన స్వెట్టరు, చంకలో సంచి.

"ఎవరు కావాలండీ?" అంటే, "ఎవరూ లేరమ్మా" అని తల దించుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఎవరి నీళ్లలో కలుపుతాడో! ఉద్యోగం మాట దేవుడెరుగు, జైలు తప్పదు.

"బాబాయ్!" అని వాచ్‌మన్ కోసం అరిచింది.

వాచ్‌మన్ ఆయన్ని బస్సు ఆగేచోట పట్టుకుని, రెక్క పుచ్చుకుని లాక్కొచ్చాడు.

సంచి బోర్లిస్తే తువ్వాలు, కళ్లద్దాల డబ్బా, సగం తిన్న రొట్టె.

"సీసా ఏదయ్యా? మింగావా? మింగి ఉంటే మాకు ఈపాటికి పీడ వదిలేది."

"దూరం పెట్టాను బాబూ. ఆ మూల ఇనప బీరువాలో."

ఆమె పరుగున వెళ్లి తెరిచింది. ఉంది. మూత కూడా కదల్లేదు. గుండెకు హత్తుకుంటే ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది.

"మీకేం పోయేకాలమండీ? నా ప్రాణం తీశారు కదా!"

"బయట అందరూ దీని ఫార్ములాలో పొటాషియం ముందు రాస్తారమ్మా. మీ దగ్గరే కార్బనుకు మొదటి పీట వేశారు."

"అవును. కార్బను ముందు, తర్వాత హైడ్రోజను, మిగతావి అక్షరాల వరుసన. సీసాలూ అలాగే పేర్చాలి. ఇక్కడి పద్ధతి అది."

"అందుకే ఇది ఫార్మిక్ యాసిడ్ పక్కకొచ్చి కూర్చుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది."

"ముచ్చటో ముప్పో, వరుస తప్పితే మేనేజరుగారు నన్ను ఇంటికి పంపిస్తారు. ఇంకోసారి గుమ్మం తొక్కితే పోలీసుల్ని పిలుస్తాను."

"పిలువు తల్లీ." ముసలాయన చేతులు జోడించాడు. "దాన్ని మాత్రం మళ్లీ అక్కడ పెట్టకు."

"దండాలు చాల్లే, నడు" అని వాచ్‌మన్ బయటికి నెట్టుకుపోయాడు.

పెద్దవాడు దండం పెట్టడంతో ఆమె మనసు చివుక్కుమంది. ఒక్క క్షణం తటపటాయించింది. కానీ మేనేజరు వచ్చే వేళైంది. సీసా పట్టుకుని అర వైపు నడిచింది.

ఇంకో అడుగులో చేయి అందుతుందనగా, తేమకు నానిన అర చెక్క ఫెళ్లున విరిగింది.

సీసాలన్నీ నేల మీద పడి పగిలాయి. యాసిడ్ చరచరా చెప్పుల దాకా పాకింది. కళ్లు మండిపోయాయి. చేతిలో సీసాను పసిబిడ్డలా పొదువుకుని, గోడ తడుముకుంటూ బయటపడింది.

వాకిట్లో ఆమె దగ్గుతూ ఉండగా మేనేజరు వచ్చాడు. ఆమె చేతిలో సీసా చూసి మొహం పాలిపోయింది.

"ఇది కూడా ఆ యాసిడ్‌లో పడి పగిలి విషవాయువు లేచి ఉంటే, నువ్వు గడప దాటేదానివి కాదమ్మా. దీన్ని అరలోంచి ముందే ఎవరు తీశారు?"

"ఎవరో పెద్దాయనండీ. దొంగ అనుకుని గెంటించేశాను."

ఆ మాట వింటూనే వాచ్‌మన్ పరుగెత్తాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. బస్సు వెళ్లిపోయింది.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు మేనేజరు.

"సన్నగా, పొడుగ్గా. మాట్లాడేటప్పుడు ఎడమ కన్ను మూసుకుపోతోంది."

మేనేజరు మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇక్కడ డైరెక్టరుగా ఉన్న రోజుల్లో ఈ వరుస పెట్టించింది ఆయనేనమ్మా" అన్నాడు. "నీకంటే ముందు ఆ గదిలో పనిచేస్తూ ఆ విషవాయువుకే చనిపోయింది ఆయన కూతురు."